రసమట్టం

మా నాన్న ఇళ్ళ ఒరుగు కొలిచేవాడు.
బోఖుమ్ ఊరి కింద బొగ్గు తవ్వి తవ్వి
నేల ఎక్కడెక్కడ డొల్లయిందో
పైనున్న గోడల్ని అడిగి తెలుసుకోవడం ఆయన ఉద్యోగం.
కోటు జేబులో గాజు గోళీ,
చేతిలో ఇత్తడి రసమట్టం.
తలుపు తట్టి, టోపీ తీసి,
వంటగది నడుమ గోళీ వదిలేవాడు.
అది పొయ్యి కిందికి పరుగెత్తితే
ఇంటావిడ మొహం ఎర్రబడేది,
తన కాపురంలో లోపమేదో బయటపడినట్టు.

"ఒక్క ఇల్లు ఏమీ చెప్పదు,"
రాత్రి బూట్లు విప్పుతూ అనేవాడు.
"కుబాల్లా వాళ్ళ గోడ, మేస్త్రీ తాగినరోజు కట్టింది.
పక్కింటిది బాంబు దెబ్బ.
ఎవరి వంకర వాళ్ళది.
వీధి వీధంతా కొలువు.
సొంత వంకరలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.
చివరికి మిగిలిన ఆ వెంట్రుకవాసి మొగ్గు,
అందరూ కూడబలుక్కున్నట్టు ఒకే వైపు,
అదీ గని."

నేను గెలాక్సీల ఒరుగు కొలుస్తాను.
రెండు కోట్ల పైచిలుకు.
ఒక్కోటీ గుప్పెడు పిక్సెళ్ళ మసక మరక.
పుట్టుకతో వచ్చిన కోలదనం ముప్పై పాళ్ళనుకుంటే
దారిలో ఎక్కడో
కనబడని బరువు పక్కనుంచి వస్తూ
వెలుగు తిన్న మలుపు ఒక్క పాలు.
ఆ ఒక్క పాలుకే నాకు జీతం.

ముందు నక్షత్రాల్ని చూసుకోవాలి.
నక్షత్రం చుక్క. చుక్కకు ఒరుగుండదు.
కోలగా పడిందంటే తప్పు మన అద్దానిది,
లేదా ఆ రాత్రి చిలీ కొండమీది గాలిది.
తర్వాత బంధుత్వాలు:
దగ్గర్లో పుట్టిన గెలాక్సీలు
చావింట్లో చుట్టాల్లా
ఒకే బరువు వైపు తిరిగి కూర్చుంటాయి.
ఆ మొగ్గును చూసి గని అనుకోకూడదు.
దానికీ మోడల్లో ఒక అక్షరం ఇస్తాం,
దాని మీద మనకెంత నమ్మకమో
చూడకముందే అంకె వేసి రాసుకుంటాం.
ఇంట్లో ఎవరి గురించీ నేనంత నిజాయితీగా రాసుకోలేదు.

కళ్ళకు గంతలు కూడా మేమే కట్టుకున్నాం.
లైడెన్‌లో యోరిట్ మా కొలతల్ని మూడు ప్రతులు చేసి
రెండింటిని రహస్యంగా వంచి పంపాడు.
అసలుదేదో అతని డ్రాయర్లో, సీలు కవర్లో.
పద్నాలుగు నెలలు
మూడు విశ్వాల్నీ ఒకే పళ్ళెంలో తినిపించి పెంచాను,
సవతి బిడ్డ ఎవరో తెలియని తల్లిలా.
దాచడమెందుకు, రెండోదంటే కాస్త ముద్దు.
అందరి లెక్కలతోనూ పొసిగేది అదే.

మార్చిలో ఒక మంగళవారం కవరు విప్పారు.
మూడోది.
విశ్వం మేమనుకున్నంత గుత్తులు గుత్తులుగా లేదు.
చప్పట్లు ఒక్క క్షణం ఆలస్యంగా మొదలయ్యాయి.
ఫ్రౌకె మాత్రం తెర దగ్గరికెళ్ళి
దోషపు గీతల పొడవు వేలితో కొలిచింది.

అందరూ వెళ్ళిపోయాక
నాన్న ఎప్పుడూ తిట్టుకునే వీధి గుర్తొచ్చింది.
నాలుగు మీటర్లు కుంగింది, వీధి మొత్తం, సమంగా.
ఒక్క గోడ పగల్లేదు. ఒక్క గోళీ కదల్లేదు.
ఇంటింటా రసమట్టంలో బుడగ నడిమధ్యన.
వాగు ఒక్కటే కనిపెట్టింది,
పోవలసిన వైపు పోలేక
జనం నేలమాళిగల్లోకి వచ్చింది.
గనులు మూసి ఇన్నేళ్ళయినా
అక్కడ పంపులు రాత్రింబవళ్ళు తోడుతూనే ఉన్నాయి.
ఆపితే ఊరు చెరువు.

నా లెక్కలోనూ అలాంటి వీధి ఒకటుంది.
దుప్పటిలా అంతటా ఒకే మందాన పరిచిన బరువు
ఏ ఆకారాన్నీ వంచదు.
ఎన్ని కోట్లు సగటు తీసినా
అది ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను.

డ్రాయర్లోంచి గోళీ తీసి
ఆఫీసు నేలమీద వదిలాను.
కదల్లేదు.
నేల సమంగా ఉందనా,
సమంగా కుంగుతోందనా?
కాసేపు చూసి
మళ్ళీ జేబులో వేసుకున్నాను.
ఆఖరి ట్రామ్ పదకొండూ నలభైకి.